నిలబడ్డ పల్లకీ బరువు

కందులగిరి అని ఒక చిన్న సంస్థానం ఉండేది. దాన్ని ఉద్దండభూపతి ఏలేవాడు. పొరుగువారితో యుద్ధాలు లేవు. వానలు వేళకు పడేవి. అందుచేత రాజుగారికి తన గొప్ప తాను చెప్పుకోవడానికి కావలసినంత తీరిక దొరికేది.

ఆయన ఎక్కడికి వెళ్ళినా పల్లకీలోనే వెళ్ళేవాడు. టేకుతో చేసి, వెండిరేకు తాపడం పెట్టి, నాలుగు మూలలా ఇత్తడి హంసలు బిగించిన పల్లకీ అది. రాజుగారు కూడా భోజనం విషయంలో లోటు చేసుకునే మనిషి కాడు. ముందు నలుగురు, వెనక నలుగురు బోయీలు మోసినా భుజాల మీది దండె కిందికి వంగేది.

ఆ కొలువులో తిప్పన అనే చమత్కారి ఉండేవాడు. మంత్రులు వారం రోజులు ఆలోచించినా చెప్పలేని జవాబు తిప్పన తమలపాకు నమిలేలోపు చెప్పేవాడు. రాజుగారికి కోపం వస్తే తిప్పనకు కబురు, విసుగు పుడితే తిప్పనకు కబురు. ఎవరేమడిగినా నవ్వు పుట్టేలా జవాబు చెప్పడం అతనికి ఎంత అలవాటయిందంటే, చెప్పకుండా ఊరుకోవడం మరిచిపోయాడు.

ఒక వేసవిలో పొరుగు పాలెగాడు కోటకు వస్తూ గవని వాకిలి దగ్గర రాజుగారికి ఎదురుపడ్డాడు. రాజుగారు పల్లకీ ఆపించి, దిగకుండానే తన పులివేట కథ ఎత్తుకున్నారు. పల్లకీ ఆగినప్పుడు బోయీలు దండె కింద ఊతకర్రలు నిలబెట్టి, భుజాలు తప్పించి కాసేపు ఊపిరి పీల్చుకోవడం తాతల నాటి వాడుక. కానీ కర్రలు పెట్టేటప్పుడు పల్లకీ కొంచెం కుదుపుతుంది. పులి మీదికి దూకబోతున్న సమయంలో కుదుపు వస్తే కథ చెడుతుందని రాజుగారికి చిరాకు.

ముందు వరుసలో ఓబన్న అనే పెద్ద బోయీ ఉండేవాడు. ముప్పై ఏళ్ళుగా అదే దండె మోస్తున్నవాడు. అతను చాలాసేపు ఓర్చుకుని, చివరికి మెల్లగా అడిగాడు.

"ఏలినవారూ, ఊతకర్రలు పెట్టుకోమంటారా?"

సరిగ్గా అప్పుడే కథలో పులి లేచింది. రాజుగారికి ఒళ్ళు మండింది.

"నడిచేటప్పుడు అలసట అన్నావంటే అర్థముంది. నిలబడ్డవాడికి అలసటేమిట్రా? పల్లకీ కదలడం లేదు, మీరు కదలడం లేదు. ఇక్కడ జరుగుతున్న పనేమిటి?" అని, పల్లకీ పక్కనే ఉన్న తిప్పన వైపు తిరిగి, "ఏం తిప్పనా, నువ్వేమంటావు?" అన్నారు.

తిప్పన ఊరుకుని ఉండవచ్చు. ఓబన్న మెడ మీద నరాలు తాళ్ళలా పొంగి ఉండడం అతనికి కనిపిస్తూనే ఉంది. కానీ పాలెగాడు ఆశగా తన వైపే చూస్తున్నాడు. నాలుక చివర మాట అప్పటికే తయారై కూర్చుంది.

"ప్రభూ, గుంజలు కూడా పందిరిని మోస్తూ నిలబడతాయి. ఏనాడైనా ఒక్క గుంజ వచ్చి కాళ్ళు నొప్పి అని చెప్పుకుందా?"

పాలెగాడు పగలబడి నవ్వాడు. రాజుగారు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే తిప్పనకు జరీ శాలువా వచ్చింది. అతను ఇంటికి వెళ్ళి ఆ మాట భార్యకు మూడుసార్లు చెప్పి మూడుసార్లు తానే నవ్వాడు.

మర్నాడు రాజముద్రతో శాసనం వెలువడింది. నిలబడ్డ పల్లకీ కింద పని లేదు గనుక ఊతకర్రలు ఉండరాదు. బోయీలు గుంజల్లా నిలబడవలసింది. నోరు మెదపరాదు.

శాసనంలో తన మాట ఎక్కినందుకు తిప్పనకు మొదట గర్వమే కలిగింది.

ఆ ఏడు విజయదశమికి కోట మైదానంలో సేనలు కవాతు చేశాయి. రాజుగారు మధ్యలో పల్లకీ ఆపించి, నాలుగు గడియలసేపు వీరులను పొగుడుతూ, వాళ్ళకంటే ఎక్కువగా తనను పొగుడుకుంటూ మాట్లాడారు. తిప్పన చలువ పందిరి కింద కూర్చుని ఉన్నాడు. పల్లకీ కొండలా కదలకుండా నిలిచింది. దాని కింద ఓబన్న గడ్డం నుంచి చెమట బొట్లు ఒకే చోట పడి పడి, మట్టి మీద పళ్ళెమంత తడి మచ్చ కట్టింది. తిప్పన ఆ మచ్చను చూశాడు. చూసి, మొహం ఏనుగుల వైపు తిప్పుకున్నాడు.

పల్లకీ కోటలో దిగిన తర్వాతే ఓబన్న కుడిభుజం పట్టుకుని కింద పడిపోయాడు.

వారం తర్వాత తిప్పన బజారులో నడుస్తున్నాడు. తమలపాకుల అంగడి దగ్గర ఎవరో గట్టిగా అరిచారు.

"ఏమోయ్ గుంజా! కాళ్ళు నొప్పా?"

నలుగురు గొల్లున నవ్వారు. తన మాట తనకంటే ముందు ఊరంతా తిరుగుతున్నందుకు తిప్పన పెదవుల మీద కూడా చిరునవ్వు వచ్చింది. వచ్చాక తలతిప్పి చూశాడు. వాళ్ళు నవ్వుతున్నది ఓబన్నను చూసి. అతని కుడిచెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. పక్కన అతని భార్య సుంకమ్మ నెత్తిన గంప పెట్టుకుని నడుస్తోంది.

తిప్పన మొహం మీది నవ్వు దాచుకునే వేళ లేకపోయింది. సుంకమ్మ చూడనే చూసింది.

"అయ్యా, ఆ మాట తమరిదే కదా?" అంది.

"అవునమ్మా."

"బాగుంది." అంతే అని, ఆమె నడిచిపోయింది.

తిట్టినా బాగుండేది అనుకున్నాడు తిప్పన. ఎవరైనా పిలిస్తే పలకడానికి కూడా సిగ్గేసింది. మూడోనాడు పొద్దున్నే బోయీల వాడకు వెళ్ళాడు.

ఓబన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సుంకమ్మ సంగటి ముద్దలు చేసి భర్త నోటికి అందిస్తోంది. అతని కుడిచెయ్యి నడుము దాటి పైకి లేవడం లేదు. పరాయి మనిషి ముందు భార్య చేత తినిపించుకోవలసి వచ్చినందుకు ఓబన్న తలదించుకున్నాడు. తిప్పన అంతకంటే కిందికి దించుకున్నాడు.

ఇంతకాలం అతన్ని "ఒరేయ్" అని తప్ప పిలిచి ఎరగడు. ఆ రోజు మాత్రం, "ఓబన్నా, నేను తప్పు మాట్లాడాను" అన్నాడు.

ఓబన్న కంగారుపడ్డాడు. "అయ్యో, అదేం మాట సామీ! మాట బాగానే ఉండె. మేమూ నవ్వినాం. నవ్వితే పల్లకీ కదులుతాదని లోలోపలే నవ్వుకున్నాం."

తిప్పనకు ఆ మాట ముల్లులా దిగింది. "ఒక సంగతి చెప్పు. నిలబడ్డప్పుడు నిజంగా బరువుంటుందా? కదలనే కదలదే!" అని అడిగాడు. వెక్కిరింపుగా కాదు, తెలియకే అడిగాడు.

"కదలదు కాబట్టే ఉంటాది సామీ. పల్లకీ కిందికి పోతానంటాది. మేం వద్దని పైకి నెడతాం. దాని పట్టూ మా పట్టూ సరిసమానంగా ఉంటే అది నిలబడతాది. చూసేవాళ్ళకి ఏమీ జరగనట్టే ఉంటాది. మేం పిసరంత సడలినామంటే దానిది పైచెయ్యి, పల్లకీ కిందికి పోతాది. ఎక్కువ నెట్టినామంటే మాది పైచెయ్యి, పైకి లేస్తాది. ఎటూ పోకుండా నిలబెట్టడమే మా పని."

తిప్పన లేచి తిన్నగా పల్లకీల చావడికి వెళ్ళాడు. మిగిలిన ఏడుగురు బోయీలు అక్కడే ఉన్నారు. పల్లకీలో రాజుగారంత బరువుకు వడ్ల బస్తాలు వేయించాడు. ఉత్తరీయం తీసి నడుముకు చుట్టుకుని, ఓబన్న నిలబడే చోట తన భుజం పెట్టాడు.

"అయ్యవారూ, తమకెందుకు?" అన్నారు వాళ్ళు.

"ఎత్తండి" అన్నాడు.

ఎత్తారు. దండె భుజం మీది ఎముకను వెతుక్కుని దాని మీదే కూర్చుంది. మొదట నిలబడగలననే అనుకున్నాడు. వంద లెక్కపెట్టేలోపు మోకాళ్ళు వణికాయి. నూటయాభైకి కళ్ళముందు మిణుగురులు తిరిగాయి. రెండు వందలు కాకముందే, "దించండి! దించండి!" అని అరిచాడు.

దించారు. తిప్పన నేల మీద కూలబడి, చుట్టూ చూశాడు. ఎవరైనా నవ్వితే బాగుండునని ఉంది అతనికి. ఒక్కరూ నవ్వలేదు. ఒకతను చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ నీళ్ళు తాగుతుంటే, జన్మలో ఎన్నడూ పడనంత సిగ్గు పడ్డాడు.

మర్నాడు కొలువులో తిప్పన రాజుగారి ముందు నిలబడి, "ప్రభూ, గుంజల మాట నేను తప్పు చెప్పాను. ఆ శాసనం రద్దు చేయించండి" అని వేడుకున్నాడు.

రాజుగారు నవ్వేశారు. "నువ్వు చెప్పినవాటిలో అదే మేలైన మాట! అయినా రాజముద్ర పడ్డాక తీయడానికి అదేమన్నా నుదుటి బొట్టా? కదలని వస్తువు మీద ఏ బలమూ లేదు. ఉంటే కదలదా? కళ్ళున్న ప్రతివాడికీ తెలుస్తుంది."

"కళ్ళకు కనబడేలా చూపిస్తే?"

రాజుగారు మీసం దువ్వారు. "చూపించు. వచ్చే పౌర్ణమి నాడు సభ ముందు చూపించు. నేను ఒప్పుకుంటే శాసనం రద్దు. ఒప్పుకోకపోతే వసంతోత్సవం తొమ్మిది రోజులూ నువ్వే పందిట్లో గుంజవై నిలబడాలి. సమ్మతమేనా?"

"సమ్మతం ప్రభూ" అన్నాడు తిప్పన.

పౌర్ణమి నాటి ఉదయం కోట ముంగిట జనం కిక్కిరిశారు. తిప్పన నున్నటి గుండ్రటి దుంగలు వరసగా పరిపించి, వాటి మీద పల్లకీ పెట్టించాడు. పల్లకీకి ముందొక మోకు, వెనకొక మోకు కట్టించాడు. రాజుగారిని లోపల కూర్చోబెట్టి తెరలు దించాడు.

కాసేపు గడిచింది. లోపలి నుంచి రాజుగారి గొంతు వినిపించింది.

"ఏం తిప్పనా, ఇంకా మొదలుపెట్టలేదేం?"

"మొదలుపెట్టి చాలాసేపయింది ప్రభూ."

"అబద్ధం! పల్లకీ కదలనే లేదు."

"తెర తీసి చూడండి."

రాజుగారు తెర తీశారు. ముందు ఎనిమిదిమంది బంట్లు మోకు పట్టుకుని, మడమలు నేలలో తన్ని లాగుతున్నారు. వెనక ఎనిమిదిమంది అంతే పట్టుతో వెనక్కి లాగుతున్నారు. అందరి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి. పల్లకీ మాత్రం పూజగదిలో పీటలా నిశ్చింతగా ఉంది.

"కదలలేదంటే లాగేవాడు లేడని కాదు ప్రభూ. లాగేవాళ్ళు సమానంగా ఉన్నారని" అన్నాడు తిప్పన. వెనక వరుస వైపు చెయ్యి ఊపాడు. ముగ్గురు మోకు వదిలేశారు.

పల్లకీ దుంగల మీద ముందుకు దొర్లింది. రాజుగారు వెనక్కి వాలిపోయారు. తలపాగా ముక్కు మీదికి జారింది. ముందువాళ్ళు వెంటనే మోకు సడలించి, పల్లకీని ఆపారు.

జనంలో గుసగుస బయలుదేరింది. రాజుగారు తలపాగా సర్దుకుని గంభీరంగా, "సరే, ఇది లాగుడు. రెండు మోకులున్నాయి, రెండు పక్షాలున్నాయి, ఒప్పుకున్నాను. మరి పల్లకీ మోసేటప్పుడు కిందికి లాగేవాడెవడు? భూమికి మోకు కట్టారా? అక్కడ ఉన్నది ఒకే పక్షం. ఆ పక్షమూ ఊరికే నిలబడి ఉంటుంది. ఓడిపోయావు తిప్పనా!" అన్నారు.

పండితులు తలలాడించారు. తిప్పన చేతులు కట్టుకుని, "అయితే ప్రభూ, ఒక్కసారి మామూలుగా భుజాలకెత్తించుకోండి" అన్నాడు.

బోయీలు వచ్చి పల్లకీ ఎత్తి నిలబడ్డారు. ఓబన్న చోట కొత్తవాడు నిలబడ్డాడు.

"ఇప్పుడు వీళ్ళు ఏం చేస్తున్నారు ప్రభూ?"

"ఏమీ చేయడం లేదు."

"కొంచెమైనా?"

"ఆవగింజంత కూడా లేదు!"

"ఏ పనీ చేయనివాడు తమరి ఎదుట నిలబడి ఉంటే తమరేం చేస్తారు?"

"పొమ్మంటాను!"

"అయితే అనండి ప్రభూ."

వాదంలో గెలుస్తున్నానన్న ఉత్సాహంలో ఉన్న రాజుగారు చెయ్యి విసిరి, "పొండి!" అన్నారు.

రాజాజ్ఞ. ముందున్న నలుగురూ ఒక్కసారిగా మోకాళ్ళు వంచారు. జానెడు మాత్రమే వంచారు. తిప్పన వాళ్ళకు అంతే చెప్పి ఉన్నాడు. కానీ పల్లకీలో కూర్చున్నవాడికి ఆ జానెడు పాతాళమంత లోతుగా తోచింది. పల్లకీ ముందుకు ఒరిగింది. దిండ్లు జారాయి. రాజుగారు కూడా జారారు. రెండు చేతులతో ఇత్తడి హంస మెడను కావలించుకున్నారు.

"పట్టుకోండి! పట్టుకోండిరా! వదలకండి!"

బోయీలు అక్కడే బిగబట్టి నిలిచారు. తిప్పన దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఏది వదలొద్దంటారు ప్రభూ? ఏమీ పట్టుకోనివాళ్ళు వదలడానికేముంది?"

సభ బిగుసుకుపోయింది. నవ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు.

రాజుగారు హంసను పట్టుకుని అలాగే ఉన్నారు. ఆయన మొహానికి మూరెడు దూరంలో, బరువుకు పక్కకు తిరిగిన ముందు వరుస బోయీ మొహం ఉంది. ఇన్నేళ్ళూ ఆ మనుషుల వీపులే తప్ప మొహాలు ఆయన చూడలేదు. ఆ బోయీ పెదవి కొరికి పట్టుకుని ఉన్నాడు. దవడ వణుకుతోంది. రెప్ప మీది నుంచి చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకునే వీలు లేక అలాగే ఉన్నాడు.

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"కిందికి లాగుతున్నది ఈ పల్లకీ బరువే ప్రభూ" అన్నాడు తిప్పన. ఈసారి అతని గొంతులో చమత్కారం లేదు. "దానికి మోకు కనపడదు. పైకి నెడుతున్నది ఈ భుజాలు. రెండూ సమానమైతేనే తమరు నిశ్చింతగా కథ చెప్పుకుంటారు. గుంజకు నొప్పి లేదని నేను కూశాను. గుంజ కూడా మోస్తుంది. విరిగిన రోజున గాని ఆ సంగతి మనకు తెలియదు. మనిషి విరగకముందే చెప్పుకుంటాడు. ఓబన్న చెప్పుకున్నాడు. నేను నవ్వించాను."

రాజుగారు చిన్న గొంతుతో, "దించండి నాయనా" అన్నారు. ఆ పల్లకీ దగ్గర "నాయనా" అన్న మాట వినబడడం అదే మొదలు.

దిగి నేల మీద నిలబడ్డాక, ఆయన ఇత్తడి హంసను చూశారు, తన చేతులు చూసుకున్నారు. ఉన్నట్టుండి నవ్వు వచ్చింది. "నన్ను నా పల్లకీలోనే, నా నోటితోనే ఓడించావు కదయ్యా! ప్రాణభయంతో హంసను కావలించుకున్న రాజు నేనొక్కణ్ణే అయి ఉంటాను!" అని కడుపుబ్బ నవ్వారు. ఆయన నవ్వాక జనమంతా నవ్వారు.

శాసనం రద్దయింది. ఊతకర్రలు తిరిగి వచ్చాయి. పల్లకీల చావడికి పెద్దగా ఓబన్నను నియమించి, అతని ఇంటికి తిండిగింజలు కోట నుంచే వెళ్ళేలా రాజుగారు ఏర్పాటు చేశారు. తర్వాత తన మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన వైపు చాచారు.

తిప్పన చెయ్యి చాచలేదు. "ప్రభూ, నా బహుమానం వేరేగా ఇప్పించండి. నా మాట తిరిగిన ప్రతి వీధిలోనూ దండోరా వేయించండి. బోయీలను గుంజలన్నది తిప్పన, ఆ మాట తప్పు అని."

"నీ పరువు నువ్వే తీయించుకుంటావా?"

"ఓబన్న పరువు తీసింది నేనే కదా ప్రభూ."

రాజుగారు ఆ హారాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుని, చివరికి తల ఊపారు.

మూడు రోజులు దండోరా తిరిగింది. డప్పు వెనకాల తిప్పన తానే నడిచాడు. కొందరు జాలిపడ్డారు, కొందరు వేళాకోళం చేశారు. తమలపాకుల అంగడి దగ్గర ఒకడు ఏదో విసురు విసిరాడు. తిప్పన దగ్గర దానికి మంచి జవాబే ఉంది. చెప్పకుండా నడిచాడు. చివరి వీధి బోయీల వాడలోది.

సుంకమ్మ వాకిట్లో నిలబడి దండోరా అంతా విన్నది. డప్పు ఆగాక అంది:

"విన్నాం సామీ. చెయ్యి మాత్రం లేవలేదు."

తిప్పన తలవంచుకుని నిలబడ్డాడు. ఆ చెయ్యి ఆ తర్వాత కూడా భుజం దాకా ఎన్నడూ లేవలేదు.

అరుగు మీద నుంచి ఓబన్న అడిగాడు. "ఈ మాటకి జవాబు లేదా సామీ, తమ దగ్గర?"

"లేదు ఓబన్నా."

ఓబన్న భార్య వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్ళి పీట తెచ్చి అరుగు మీద వేసింది.

"లేకపోతే కూర్చోండి" అంది. "ఎండన పడి నడిచినారు. మజ్జిగ తెస్తా."